అత్తయ్య తోమిన నత్తగుల్లలు

విదేశంలో, జాన్సన్‌విల్ అనే ఊళ్లో మేం అద్దెకున్న ఆ ఇల్లు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది హాల్లోని చేపల తొట్టె. రెండు వేల పదిహేను, పదహారు ప్రాంతాల మాట. అందరూ రంగురంగుల చేపలు కొనుక్కుంటే మా ఆయన ఏరికోరి మట్టిరంగువి తెచ్చారు. ఒక్కోటి వేలెడంత. వీటి పుట్టిల్లు ఆఫ్రికాలోని టాంగన్యీకా అనే అతి పురాతనమైన సరస్సట, లోకంలో ఇంకెక్కడా పుట్టవట. నీటి అడుగున ఇసుకలో పడివున్న ఖాళీ నత్తగుల్లల్లోనే వీటి కాపురం. గుడ్లు పెట్టేదీ అందులోనే, భయమేస్తే దూరేదీ అందులోనే. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ మా ఆయన ఈ పాఠం చెప్పేవారు. పాపం, వాళ్ల టీ చల్లారిపోయేది.

ఆర్నెల్లు ఉండి వెళ్దామని భీమవరం నుంచి వచ్చిన మా అత్తయ్య తొట్టె చూసి పెదవి విరిచారు.

"పులుసుకి కూడా పనికిరావు గదరా. వీటికింత వైభోగమా?"

నెల తిరక్కుండానే ఆవిడకు ఇంటిమీద బెంగ పట్టుకుంది. మేమిద్దరం పొద్దున్నే ట్రైనెక్కి ఆఫీసులకు వెళ్లిపోయేవాళ్లం. బయట చూస్తే గాలి, వాన. పలకరించే మనిషి లేడు. "నన్ను పంపించెయ్యరా నాన్నా" అని రోజూ ఒకటే పాట. ఉగాది వెళ్లాక టికెట్ ముందుకు మార్పిస్తానని మా ఆయన మాటిచ్చారు.

నాకేమో ఆవిడ వెళ్లడం ఇష్టం లేదు. మా అమ్మ పోయాక, నేను ఇంటికి వచ్చేసరికి లోపల లైటు వెలుగుతూ, పోపు వాసన వస్తూ, "కాళ్లు కడుక్కుని రా, వడ్డిస్తా" అనే మనిషి ఉండడం అదే మొదలు. ఆ సంగతి నోరు తెరిచి చెప్పాలంటే మొహమాటం.

భూగోళానికి దక్షిణాన ఉన్న దేశం కావడంతో అక్కడ ఉగాది చలి మొదలయ్యే రోజుల్లో వస్తుంది. పండగ ముందు శనివారం అత్తయ్య ఇల్లు దులిపారు. ఆవిడ దులపడమంటే అలాంటిలాంటి దులపడం కాదు. అద్దె ఇల్లని కూడా చూడకుండా ఓనరు కర్టెన్లు సైతం ఉతికేశారు. మా ఆయన ఏదో పనిమీద పామర్‌స్టన్ నార్త్ అనే ఊరు వెళ్లారు. నేను మేడమీద బట్టలు మడతపెడుతున్నాను.

"అమ్మాయ్! ఇలా రావే! ఇందులో ఏదో కదులుతోందే!"

పరిగెత్తుకెళ్లాను. ఇత్తడి కుందులు తోముతూ తోముతూ, తొట్టెలో పాచిపట్టిన నత్తగుల్లలు కంటపడి, పండగపూట ఆ మురికేంటని అవీ తీసి చింతపండుతో తోమేస్తున్నారు. చేతిలో ఉన్న గుల్ల అంచున చిన్న తోక.

"అయ్యో అత్తయ్యా, చేపలన్నీ వాటిల్లోనే ఉన్నాయి!"

తొట్టెనీళ్లతోనే కడిగి గబగబా అన్నీ లోపల వేశాం. కాసేపటికి ఒక్కొక్కటీ తల బయటపెట్టింది. పెద్ద గుల్లలోది మాత్రం రాలేదు. గుడ్లు పెట్టిన చేప అదే.

అత్తయ్య తొట్టెముందు కుర్చీ వేసుక్కూర్చున్నారు. అన్నం పెడితే ముట్టలేదు. "గుడ్లమీదున్న తల్లినే, పండగ ముందు చంపేశాను. నోట్లో ముద్దెలా దిగుతుంది?" అన్నారు. నేనూ పక్కనే కూర్చున్నాను. ఎప్పుడు మొదలైందో తెలీదు, నాకు ఏడుపొచ్చేసింది.

"చేపకి ఇంత ఏడుపేంటే?"

"చేపకి కాదత్తయ్యా. మీరెళ్లిపోతున్నారు కదా."

ఆవిడ తొట్టెవైపే చూస్తూ ఉండిపోయారు. నాకు సిగ్గేసింది, అనకుండా ఉండాల్సింది అనిపించింది.

ఎండ వాలుతుండగా పెద్ద గుల్ల కదిలింది. తల్లి చేప బయటికొచ్చి అటూ ఇటూ చూసి, నోటితో ఇసుక ఎత్తి ఇంటిచుట్టూ పోసుకోవడం మొదలుపెట్టింది.

"అదుగో! నన్నెంత తిట్టుకుంటోందో చూడు!" అత్తయ్యకు ప్రాణం లేచొచ్చింది. చల్లారిన పప్పన్నమే ఇష్టంగా తిన్నారు.

చీకటిపడే వేళకు మా ఆయన వచ్చారు. "అమ్మా, పై వారమే సీటుందట. మార్పించెయ్యనా?"

"ఇప్పుడొద్దులేరా."

"ఏం? రోజూ పోరు పెట్టావుగా!"

"దాని పిల్లలు బయటికి రావద్దూ? చూసి వెళ్తాను."

కొడుకుతో అలాగే చెప్పారు. చెబుతూనే, ఆయనకు కనబడకుండా, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.