డాక్టరు గారి పిల్లల్ని బడికి దింపే ఉద్యోగం

విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదువుతున్న పిల్లలు ఫోన్ చేసి అడుగుతుంటారు: "అన్నా, మెడికల్ రెప్ ఉద్యోగం ఎట్లుంటది?" మందుల కంపెనీ తరఫున డాక్టర్ల చుట్టూ తిరిగే నా ఉద్యోగం బాగుంటుందనే చెబుతాను. నోటితో చెప్పడానికి సిగ్గేసే భాగం ఒకటుంది. వాళ్లు చేరకముందే తెలుసుకోవాలని రాస్తున్నాను.

నేను క్లాసులో కంటే లైబ్రరీలో ఎక్కువ నేర్చుకున్నవాణ్ణి. తెలుగు మీడియం నుంచి వచ్చిన నాకు లెక్చరర్ల ఇంగ్లీషు అందేది కాదు. లైబ్రేరియన్ సారు డిక్షనరీ పక్కన పెట్టి, లావు పుస్తకాలు నా సీటు దగ్గరికే తెచ్చి ఇచ్చేవారు. మందు ఒంట్లోకి పోయి ఏం చేస్తుందో, ఎటు నుంచి బయటికి పోతుందో అలా చదువుకున్నాను. ఆ గర్వం ఇప్పటికీ ఉంది.

హన్మకొండలో నేను తిరిగే ఒక ఎముకల డాక్టరు గారి ఆసుపత్రిలో ఆ చదువుతో పనిలేదు. అక్కడికి వచ్చే రెప్‌లలో ఒకరు ఆయనకు రైలు టికెట్లు బుక్ చేస్తారు, ఒకరు కారు సర్వీసింగుకు తీసుకుపోతారు. నా వంతు పొద్దున్నే ఆయన పిల్లల్ని బడిలో దింపడం. అందుకు ఆయన మా కంపెనీ నొప్పుల గోలీ రాస్తారు. ఆ గోలీ గురించి నన్నెప్పుడూ ఏమీ అడగలేదు.

పోయిన వానాకాలం ఆ ఆసుపత్రి మెట్ల దగ్గర లైబ్రేరియన్ సారు కనిపించారు. రిటైరయ్యారు. ఒక చేత్తో గోడ పట్టుకున్నారు, రెండో చేతిలో మందుల చీటీ.

"ఏం రా, టై కట్టినవు. పెండ్లికొడుకు లెక్క ఉన్నవ్."

"కంపెనీ రూలు సార్. ఎండల గూడ ఇప్పనియ్యరు."

"ఈ చీటీ జర చూడు."

అందులో మొదటిది మా గోలీయే. ఆ మాట చెప్పాను.

"నీ కంపెనీదే అయితే ఇంక నాకేం ఫికర్. షుగర్ తోని కిడ్నీలు వీకయినయని ఇంకో దవాఖానల భయపెట్టిన్రు."

"ఈ డాక్టరుకు చెప్పిన్రా సార్?"

"అడిగితే గద చెప్పేది. మోకాలు చూసిండు, రాసిండు."

అలాంటి కిడ్నీలకు ఆ గోలీ చేటు. సారు తెచ్చి ఇచ్చిన పుస్తకాల్లోనే చదివాను. చెబితే డాక్టరుకు కోపం వచ్చి మా గోలీ రాయడమే మానేయవచ్చు. నెలనెలా నేను అమ్మి చూపించాల్సిన టార్గెట్ చాలావరకు ఈ ఆసుపత్రి మీదే నిలబడింది. సారు మెట్టు దిగబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"ఇది ఏసుకోకుండ్రి సార్. లోపలికి పోదాం రాండ్రి."

డాక్టరు గారు విన్నారు. సారు ఫోన్‌లో ఉన్న పాత రిపోర్టు చూసి, గోలీ కొట్టేసి వేరేది రాశారు. "మంచిగ చెప్పినవ్" అన్నారు. ఆ గదిలో నా చదువు నోరు విప్పింది అదే మొదటిసారి. తలుపు దాటుతుంటే వెనక నుంచి ఆయనే అన్నారు: "రేపు మేడం ఊర్ల ఉండదు. పిల్లల్ని బడిల దింపే ముందు చిన్నోనికి బూట్లు తొడుగుడు గూడ నువ్వే చూస్కో."

"సరే సార్" అన్నాను. లైబ్రేరియన్ సారు పక్కనే ఉన్నారు.

బయటికి వచ్చాక అడిగారు: "రోజు దింపుతవా?"

"దింపుత సార్."

ఆటో ఎక్కించడానికి చెయ్యి అందించాను. "ఉండనీ బిడ్డా, నీకు మస్తు పనులున్నట్టున్నయ్" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేను తలెత్తలేకపోయాను.

మర్నాడు వెళ్లి ఆ పిల్లవాడికి బూట్లు తొడిగాను.

పేర్లు రాస్తే వాళ్లకు ఇబ్బంది. పుస్తకాలు తెచ్చి ఇచ్చిన సారుకు, కోపం తెచ్చుకోకుండా గోలీ కొట్టేసిన డాక్టరు గారికి, ఇందులోంచి బూట్ల సంగతి తీసేస్తానంటే వద్దన్న నా భార్యకు కృతజ్ఞతలు.