అలుపులమ్మ వ్రతం పట్టిన మా ఓబులక్క

నిన్న మధ్యాహ్నం రెండున్నరకు ఫోన్ వచ్చింది.

ఎర్రగుంట్ల కాడ మా ఊరి నుంచి, ఓబులక్క మనవడి పెండ్లాం.

"చిన్నవ్వా, అవ్వ పండుకొని శానా సేపాయె. లేపమంటావా?"

నేను ఫోన్లోనే ఎగిరినా. "టైమెంత? మూడు కాకుండా ఆమెను లేపుతావా? బుద్ధుండాదా నీకు? వ్రతం చెడిపోతాది. పెట్టేయ్!"

నాలుగ్గంటలకు మళ్ళా ఫోన్. ఈసారి ఆ పిల్ల ఏడుస్తాంది.

తొంభైకి రెండు తక్కువ. నిద్రలోనే పోయింది మా అక్క. లేపొద్దని కాపలా పెట్టింది మాత్రం నేను.

నేను చెప్తాండా, మనవరాలు టైపు చేస్తాంది. తప్పులుంటే దాన్ని అడగండి.

ఓబులక్క అంటే మా ఆయన అన్న పెండ్లాం, నాకు తోడికోడలు. మన ఇంటోళ్ల ఈ వాట్సాప్ గ్రూపులో పిల్లోళ్లకు ఆమె "ఎప్పుడు ఫోన్ చేసినా పండుకొనుండే అవ్వ". ఆ పండుకోవడం వెనక ఒక కత ఉండాది. ఇనండి.

యాభైల్లో మాట. నాకు పదహారేండ్లు.

తెల్లారకముందే మబ్బున లేస్తే బాయి నీళ్లు, విసుర్రాయి కాడ జొన్నలు, పొయ్యి కాడ సంగటి, చేనికాడ కూలోళ్లకు బువ్వ. మాపటికి నడుమనేది ఒకటుండాదా లేదా అనేది కూడా తెలీదు.

మా అత్త మంచిదే. కానీ ఆడోళ్ల చేతులు ఊరికే ఉంటే ఆమె కండ్లు చూడలేవు. "పగలు పండుకుంటే ఇంట్లో లచ్చిమి నిలవదు" అంటాండె.

నాకప్పుడు మూడో నెల. అంతకుముందేడు మూడో నెల్లోనే కడుపు పోయింది. ఈసారి కూడా పోతాదేమో అని ఒకటే భయం. ఎవరితో చెప్పుకునేది?

ఒక దినం విసుర్రాయి కాడ కండ్లు తిరిగి ఒరిగినా.

అక్క చూసింది. పిడి నా చేతిలోంచి పీక్కొని తానే తిప్పింది.

మరుసటిపొద్దు అన్నాలైనాక పోయి అత్త ముందర చేతులు కట్టుకొని నిలబడింది.

"అత్తా, రాత్రి కలలో అలుపులమ్మ కనపడింది. ఈ ఇంట్లో కడుపు నిలవాలంటే కోడండ్లిద్దరూ వ్రతం పట్టాలంటాంది."

అలుపులమ్మ! ఆ అమ్మోరి పేరు అక్క కూడా ఇనింది అప్పుడే, తన నోట్లోంచే.

వ్రతం ఏందంటే, దినామూ రెండింటికి కాళ్ల మీద చల్లనీళ్లు పోసుకోవాల. పాదాలకు ఆముదం రాసుకోవాల. కండ్ల మీద తడిగుడ్డ ఏసుకొని నాపబండల మీద నడుం వాల్చాల. మూడు దాకా ఉలకగూడదు, పలకగూడదు. ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే చెడినట్టే. మళ్ళా మొదటి దినం నుంచి పట్టాల!

అత్త అమ్మోరంటే హడలిపోయే మనిషి. సరే అనేసింది.

ఓయమ్మ, ఆ నాపబండల చల్లదనం! మొదటి దినం వీపు ఆనంగానే నాకు ఏడుపొచ్చేసింది.

అక్క తడిగుడ్డ కింద నుంచే గొణిగింది. "ఏడవాకే. అమ్మోరు లేస్తాది."

నవ్వాపుకోలేక సచ్చినా.

నెల బాగానే జరిగింది. అప్పుడు అత్తకు భక్తి ముదిరింది.

"ఓబులమ్మా, ఆ తల్లి గుడి యాడుండాదే?"

అక్క నోటికొచ్చింది చెప్పింది. "రాజంపేట అవతల, అత్తా."

"అయితే శుక్రవారం రైలుకు పోదాం. చిన్నదాని కడుపు నిలిచింది గదా, టెంకాయ కొట్టి చీర పెట్టొద్దాం."

అయిపాయె! లేని గుడికి రైలెట్ల ఎక్కేది? దొంగ వ్రతమని తెలిస్తే అక్కను పుట్టింటికి తరుముతారు. నేను మళ్ళా విసుర్రాయి కాడికి.

గురువారం మధ్యాహ్నం అత్త ఆ చీర తెచ్చి చూపిచ్చింది. పచ్చ చీర, ఎర్రంచు. ఎంత మురిసిపోతాందో ఆమె!

అక్క తట్టుకోలేకపోయింది.

"అత్తా, ఆమె గుళ్లో ఉండదు."

"మరి యాడుంటాది?"

"అలిసినోళ్లు నడుం వాల్చిన చోట."

అత్త మా మొగాలు మార్చి మార్చి చూసింది. శానా సేపు చూసింది.

చీర పక్కన పెట్టింది. పెరట్లోకి పోయి కాళ్ల మీద నీళ్లు పోసుకొనింది. వచ్చి మా మధ్యలో బండ మీద వాలింది. పెండ్లయి ముప్పై ఏండ్లకు, పగలు ఆమె నడుం వాల్చడం అదే మొదలు.

రెండు నిమిషాల్లో గురక!

మూడాయె, నాలుగాయె. లేపే ధైర్యం ఎవరికుండాది? తానే లేసింది. కొప్పు ముడేసుకుంటా అనింది:

"మీ అమ్మోరు శానా మంచిదే. ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలే?"

శుక్రవారం ఎవరమూ రైలెక్కలే. ఆ చీర అక్కకే పెట్టింది.

అప్పుడు నా కడుపులో ఉండింది మా పెద్దకూతురు. అరవై ఆరేండ్లు ఇప్పుడు. ఈ గ్రూపులో మధ్యాహ్నం పూట గుడ్ మార్నింగ్ పంపేది అదే. ఒసే, నువ్వది పంపుతాండావంటే మీ పెద్దమ్మ చలవేనే.

అక్క ఒక్క దినం తప్పలే. కొడుకు పెండ్లిలో కూడా రెండు కొట్టంగానే పందిట్లోంచి మాయం. కడపలో డాక్టర్, "ఏం తింటావవ్వా, ఇంత గట్టిగుండావు?" అంటే, "తినేది కాదప్పా, వాలేది" అనింది.

నిన్న నేను పోయేసరికి అదే బండ మీద ఉండాది. కండ్ల మీద గుడ్డ ఆరిపోయింది. చుట్టూ అందరూ "ఓబులమ్మా, ఓబులమ్మా" అని శోకాలు.

"పేరు పెట్టి పిలవాకండప్పా! మళ్ళా మొదటి దినం నుంచి పట్టాల్సొస్తాది!" అని అరిచినా.

అందరూ టక్కున ఆగినారు. నేను గుడ్డ తడిపి మళ్ళా ఏసినా.

ఆ పిల్లను తిట్టినందుకు నిన్నటి నుంచి బాధ పడతానే ఉండా. ఇప్పుడనిపిస్తాంది అక్కా, నా నిద్రకు నువ్వు కాపలా కాసినావు, నీ ఆఖరి నిద్రకు నేను కాసినా.

అక్కా, మూడు దాటింది. అయినా ఎవరమూ పిలవంలే.

నిమ్మళంగా పండుకో.