అన్న బొమ్మ మీద పడ్డ కళ్ళు

మా అమ్మ గంగాలమ్మ మంచి చేపను ఎప్పుడూ పైకి కనబడనివ్వదు. తెల్లవారుజామున హార్బర్లో వేలంలో కొన్న వంజరాన్ని గంప అడుగున ఐసులో పెట్టి, మీద తడి గోనె కప్పి, ఆ పైన చిన్న చేపలు పరుస్తుంది. మల్కాపురం బజార్లో కూర్చున్నాక, వచ్చినవాళ్ళ మొహం చూసి వీళ్ళు కొనేవాళ్ళే అనుకుంటేనే గోనె ఎత్తుతుంది. పదిమంది చూసి వదిలేసిన చేప సాయంత్రానికి పాడైపోతుందని ఆమె నమ్మకం. పక్కన గంప పెట్టుకునే పోతమ్మ పెద్దమ్మ నవ్వుతుంది.

"సేపకి ముసుగేసేవు. రేపు మూడుముళ్ళు కూడా ఏయించీ."

"నీ నోరు ఉప్పెట్టి కడగాలే. నీ గంప నువ్వు సూసుకో," అంటుంది అమ్మ.

మా విషయంలోనూ అంతే. పిల్లలు బాగున్నారని ఎవరైనా అంటే ఆమె మొహం మారిపోయేది. పండక్కి కొత్త చొక్కా తొడుక్కుని నిలబడితే, "కోతిలాగున్నావ్, ఎల్లు," అని అన్నను బయటకు తోసేది. అది తిట్టు కాదని మా ఇద్దరికీ తెలుసు.

అన్న పేరు సన్నీ. మా పేట ఇసకలో కబడ్డీ ఆడుతూ పెరిగాడు. కూతకు వెళ్తే ఇసక మీద అడుగు పడినట్టు ఉండేది కాదు. టోర్నమెంట్లు ఆడి ఆడి, ఒక ఏడాది టీవీలో వచ్చే లీగులో చోటు సంపాదించాడు. పేట కుర్రాళ్ళు మలుపులో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. తొడ కొడుతున్న అన్న, ఇంటికంటే ఎత్తు. అమ్మ దాని కింద నిలబడి, తీసేయమని వాళ్ళను బతిమాలింది. "నీ కొడుకు హీరో అయిపోయేడత్తా, సూడనీ అందర్నీ," అన్నారు వాళ్ళు.

సీజన్ చివర్లో ఒక ఆటలో అన్న గీత దాకా పాకి వచ్చాడు. వెనక నుంచి అవతలి జట్టు వాళ్ళంతా మీద పడ్డారు. మెడ దగ్గర ఏదో అయింది. ఆసుపత్రిలో డాక్టరు ఫిల్ము వెలుతురుకు పట్టి నరం ఎక్కడ నలిగిందో చూపించాడు. అమ్మ అంతా విన్నది, తలూపింది. బయట వరండాలోకి వచ్చాక నాతో, "కళ్ళు పడిపోయేయి," అంది.

అన్నకు మాట ఉంది, ఆలోచన ఉంది. చేతులు లేవవు, కాళ్ళు కదలవు. అమ్మ గంప ఎత్తితే గానీ ఇల్లు గడవదు కాబట్టి, గంటగంటకూ అన్నను పక్కకు తిప్పడానికి నేను ఉండాలి. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను.

అప్పటి నుంచి అమ్మ అన్న బొమ్మలను ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఫ్లెక్సీని తనే నిచ్చెన వేసుకుని విప్పి, మొహం లోపలికి వచ్చేలా మడిచి రేకుల మీద రాళ్ళ కింద పెట్టింది. టీ బడ్డీ గోడకు అంటించిన పేపరు ముక్కను నీళ్ళు చల్లి ఊడదీసింది. బడిలో తగిలించిన ఫోటోను హెడ్మాస్టరు శ్రీరామ్మూర్తి గారిని అడిగి పట్టుకొచ్చింది. వాడి మీద ఎవరి చూపూ లేకుండా చేస్తే ఒంట్లో కదలిక వస్తుందని ఆమె ఆశ. ఆదివారం ఆదివారం ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. ఘాటుకు అన్న దగ్గేవాడు. దగ్గితే నేను పట్టుకుని కూర్చోబెట్టేదాన్ని.

"నన్ను కూడా మడిచి రేకుల మీదెట్టీమని సెప్పే," అనేవాడు నాతో.

మొన్న వేసవిలో సాయిశంకర్ వచ్చాడు. అన్నతో కలిసి ఆడినవాడు, ఇప్పుడు పరవాడలో మందుల కంపెనీలో పని. ఫోను తీసి అమ్మకు చూపించాడు. ఆ లీగు వాళ్ళు ఆటగాళ్ళ బొమ్మలతో వేసి అమ్మిన కార్డు ఫోటో అది. అరచేతి కంటే చిన్న కార్డు, మెరుస్తున్న అంచులు, మధ్యలో అన్న.

"ఇలాటివి దాసుకునే వోళ్ళుంటారత్తా. సిరిపురంలో హోటల్లో వోళ్ళందరిదీ షో. ఆటగాళ్ళ కార్డులు, బ్యాట్లు, సంతకాలు. కలెక్టర్ల షో అంటారు."

"కలెక్టరు గారొత్తారేటి?"

"ఆ కలెక్టరు కాదత్తా. పోగేసీవోళ్ళు."

అమ్మ బొమ్మ కింద ఉన్న అంకెను వేలితో చూపించింది. "ఇదేటి?"

"ఎంతమంది సూసేరో అది. వేలల్లో ఉంది."

అమ్మ ఫోనును బోర్లా తిప్పి గట్టు మీద పెట్టేసింది. కాసేపటికి, "ఎల్దాం. అదొక్కటీ తెచ్చీసుకుందాం," అంది.

మంచం మీద నుంచి అన్న, "ఏ ఫోటో ఏసేర్రా బావా? నాకు సూపించు," అన్నాడు. సాయిశంకర్ ఫోను అందుకోబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. వాడి బొమ్మను వాడే చూసుకోకూడదంది. అన్న చూపు గోడ వైపు తిప్పుకున్నాడు.

ఆ ఆదివారం పోతమ్మ పెద్దమ్మను అన్న దగ్గర కూర్చోబెట్టి ముగ్గురం వెళ్ళాం. అమ్మ రెండుసార్లు స్నానం చేసినా హాల్లోకి వెళ్ళాక ఇద్దరు ముగ్గురు పక్కకు జరిగారు. చల్లగా ఉంది. తెల్లగుడ్డ పరిచిన బల్లలు, వాటి మీద అద్దాల పెట్టెలు. సంతకాలు చేసిన బ్యాట్లు, చిరిగిన గ్లౌజులు, ఎప్పటివో మ్యాచి టికెట్లు. ఒక పెట్టెలో ఒంటి బూటు.

"ఈ సెప్పు రెండోది ఏదీ?" అంది అమ్మ.

"ఒక్కటే దొరికిందేమో," అన్నాడు సాయిశంకర్.

"ఒంటి సెప్పుకి అద్దాల మేడ," అంది అమ్మ, నాకు మాత్రమే వినబడేలా.

మూల బల్ల దగ్గర ఉంది అన్న కార్డు. తెరిచిన ఆల్బంలో, వరసగా ఉన్న అరల్లో ఆఖరిదాంట్లో. ఫోనులో కంటే బాగున్నాడు. కూతకు బయలుదేరుతూ ఒక పక్కకు నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి చాలా కాలమైంది. ఇద్దరు కుర్రాళ్ళు వంగి చూస్తున్నారు.

బల్ల వెనక ఉన్నాయన పేరు తిరుమలరావు. స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యారట. అమ్మ ముందు అన్న కార్డు వైపు చూడనే లేదు. పక్కనున్న కార్డులు ఒక్కొక్కటే అడిగింది, ఇదెవులు, అదెవులు అని. కావలసిన చేప వైపు చూడకుండా బేరమాడేవాళ్ళను ఆమె రోజూ చూస్తుంది.

"మరి ఈ సివరోడు? ఏటిస్తే ఇస్తావు బాబూ?"

"అది ఇచ్చేది కాదమ్మా. అది లేకపోతే సెట్టు పోతుంది. ఒక్క ఏడాదే ఆడాడు, కార్డులు తక్కువ వేశారు. దానికోసం ఎన్ని ఊళ్ళు తిరిగానో నాకే తెలుసు."

"వారం వారం వంజరం తెచ్చిస్తాను. సేపలో ముల్లుంటే నన్నడుగు."

ఆయన నవ్వారు. "మా ఇంట్లో తినరమ్మా."

అమ్మకు ఇంక ఇవ్వడానికి ఏమీ తోచలేదు. కాసేపు గుడ్డ అంచు సర్దింది. "వోడు నా కొడుకు బాబూ," అంది.

తిరుమలరావు గారు లేచి నిలబడ్డారు. కుర్రాళ్ళు అమ్మను కిందా మీదా చూశారు. "సన్నీ గారి అమ్మగారా," అంటూ ఆయన కుర్చీ ఇటు తిప్పి ఆమెను కూర్చోబెట్టారు. అరలోంచి కార్డు తీసి, దాని ప్లాస్టిక్కు తొడుగు కూడా తీసి, రెండు చేతుల్తో ఆమెకు అందించారు.

"ఒక్క సాయం చేయండమ్మా. దీని మీద ఆయన సంతకం ఒక్కటి పెట్టించగలరా? నేనే ఇంటికి వస్తాను. ఆ ఒక్క ఏడాది తర్వాత ఆయన ఎక్కడా కనబడలేదు, ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు."

"వోడి సెయ్యి లెగదు బాబూ," అంది అమ్మ.

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. సాయిశంకర్ మెల్లగా చెప్పాడు, ఆ ఆఖరి ఆట సంగతి. ఆయన చేతిలోని పెన్ను జేబులో పెట్టుకున్నారు.

ఇంతలో మాట పాకింది. సన్నీ వాళ్ళమ్మట, సన్నీ వాళ్ళమ్మట అంటూ పక్క బల్లల వాళ్ళూ వచ్చారు. ఫోన్లు పైకి లేచాయి. అమ్మ కార్డును రెండు చేతులతో మూసింది. ఎవరో, "అమ్మా, కొంచెం కనబడేలా పట్టుకోండి," అన్నారు. ఆమె ఆ ఫోన్లన్నింటినీ చూసింది. గంప మీద గోనె ఎవరో లాగేసినప్పుడు ఉండే చూపు అది.

అప్పుడు నా వైపు తిరిగింది. నా గడ్డం పట్టుకుంది. ఏం చేయబోతోందో నాకు తెలిసిపోయింది. వద్దమ్మా అనాలి. అంతమంది నన్నే చూస్తున్నారు, తల కదపకుండా నిలబడ్డాను. ఆమె బొటనవేలు నా కంటి కింద కాటుకను రాసుకుంది. ఆ వేలితో కార్డు మీద అన్న బుగ్గకు చుక్క పెట్టింది.

ఎవరో చిన్నగా, "అయ్యో," అన్నారు. తిరుమలరావు గారు కార్డు తీసుకుని కళ్ళజోడు గుడ్డతో ఒత్తారు. చుక్క గీతై, గీత చెంప నుంచి పెదవి దాకా సాగింది. మళ్ళీ తుడవబోయి ఆగిపోయారు.

"అయిపోయింది సార్. ఇక దాన్ని ఎవడూ ముట్టుకోడు," అన్నాడు ఒక కుర్రాడు. "కార్డుకి దిష్టేంటండీ బాబూ," అన్నాడు ఇంకొకడు.

"మనిషి బాగుంటే తగలదేటి దిష్టి?" అంది అమ్మ.

ఆయన కోప్పడతారని ఎదురుచూశాను. కోప్పడినా బాగుండేది. కార్డును మళ్ళీ తొడుగులో పెట్టి, అంచులు సరిచూసి, అమ్మ చేతికి ఇచ్చారు. "తీసుకెళ్ళండమ్మా," అన్నారు. ఆల్బం మూయలేదు. ఆఖరి అర ఖాళీగా ఉంది, దాన్ని చూస్తూ కూర్చున్నారు.

ఇంటికి రాగానే అన్న, "ఏదీ?" అన్నాడు. అమ్మ జాకెట్లోంచి కార్డు తీసి, అన్నకు చూపించకుండానే ట్రంకుపెట్టె అడుగున బట్టల కింద పెట్టింది. "ఇంకేటీ లేవు. అన్నీ వొచ్చీసేయి. ఇంక నీకు భయం లేదు," అని వాడి తల నిమిరింది. చాలా రోజులకు కడుపునిండా అన్నం తింది.

మర్నాడు సాయంత్రం సాయిశంకర్ డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో ఆగాడు. లోపలికి రావడానికి తటపటాయించాడు. షోలో ఎవరో తీసిన వీడియో బయటకు వచ్చేసిందట. నా ఫోనుకు పంపించి తెరిచి చూపించాడు. అమ్మ నా కంటి కింద తుడవడం, చుక్క పెట్టడం, ఆ వెంటనే కార్డు మీద అన్న నవ్వు దగ్గరగా. కింద అంకె.

"మొన్నటి కంటే ఎక్కువేటి?" అంది అమ్మ.

సాయిశంకర్ తల దించుకున్నాడు. "లక్షలత్తా. అందరూ మంచిగానే రాస్తన్నారు. తల్లి ప్రేమ అంటన్నారు."

"దీన్నెలగ తెచ్చుకోవాల్రా?"

"ఇది రాదత్తా. ఒకడు తీసీసినా ఇంకొకడెడతాడు." బస్సు టైమైందని వెళ్ళిపోయాడు.

"నా దగ్గరకి తే," అన్నాడు అన్న. నేను అమ్మ వైపు చూశాను. ఆమె అడ్డం చెప్పలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది, చేతులు ఒళ్ళో పడేసుకుని. ఫోను తీసుకెళ్ళి అన్న మొహం ముందు పట్టుకున్నాను. చూశాడు. మళ్ళీ వేయమన్నాడు. కింద రాసినవి చదవమన్నాడు. నాకు గట్టిగా చదవడం సిగ్గు. అయినా చదివాను. అన్నా ఎక్కడున్నావ్ అని ఒకరు రాశారు. సన్నీ కూతకెళ్తే మా నాన్న టీవీ ముందు నిలబడేవాడని ఒకరు. అన్న నవ్వాడు. కార్డు మీద ఉన్న నవ్వే, ఒక పక్కకు.

"ఇంతమందికి గుర్తున్నానేటే?" అన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేడు కదా, నేనే తుడిచాను.

"నవ్వకురా," అంది అమ్మ. "ఆపీయే గుంటా, ఆ ఫోను ఆపీ. వోడ్ని సంపీసేలాగున్నారు."

"ఆపకు," అన్నాడు అన్న. "ఇంకా సదువు."

ఆమె లేచి పొయ్యి దగ్గరకు వెళ్ళి ఉప్పు, మిరపకాయలు గుప్పిట్లోకి తీసుకుంది. వాడి చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. తిప్పుతూ, ఆపమని మళ్ళీ అంది. వాళ్ళిద్దరి మధ్యా నేను ఫోను పట్టుకుని నిలబడ్డాను. చెయ్యి లాగుతోంది. అంకె ఇంకా పెరుగుతూనే ఉంది.

"కొంచెం పైకి పట్టుకో," అన్నాడు అన్న. "కనబడ్డం లేదు."