మామయ్య కొన్న స్టీలు కత్తి

మొన్న గుంటూరులో కూరలు తరిగే కత్తి కొనబోతే, దుకాణం ఆయన తళతళలాడేది ఒకటి చేతిలో పెట్టి, "ఇది తుప్పు పట్టదండీ, ఇక సాన మాటే ఉండదు" అన్నాడు. పాపం, ఆయన తప్పేముంది? నాకే ఆ మాట వినగానే ఒళ్లు మండి, కొనకుండా వచ్చేశాను.

తొంభైల చివర్లో నేను మా మేనమామతో పర్చూరు దగ్గర కల్లు గీతకు వెళ్లేవాణ్ణి. ఒక ఆసామి మిరప చేల గట్టున ఉన్న తాటిచెట్లే మా బతుకు. వాటి నీడన మిరప ఎదగడం లేదని ఆయనకు వాటి మీద ఎప్పుడూ కోపమే. కల్లు పారినన్నాళ్లూ జోలికి రానులే అని మాత్రం మామయ్యకు మాటిచ్చాడు.

మన ఈడు వాళ్లకు తెలియనిదేముంది, తాటి గెల కొసను పూటపూటా పల్చగా చెక్కితేనే కల్లు ఊరుతుంది. కత్తి మొద్దుబారి గెల నలిగిందంటే ఎండిపోతుంది, ఆ ఏటికి ఇక అంతే. లారీ కమాను పట్టాతో కమ్మరి కొట్టిచ్చిన మా పాత కత్తి కల్లు పులుపుకు తెల్లారేసరికి తుప్పు పట్టేది. మామయ్య రోజూ మధ్యాహ్నం చెక్క మీద పలుగురాతి పొడి చల్లి, బిడ్డకు ఒళ్లు తోమినంత ఓపిగ్గా దాన్ని నూరేవాడు. నూరి నూరి మణికట్లు పట్టేసి, అన్నం కూడా సరిగా కలుపుకోలేకపోయేవాడు.

అలాంటి మనిషికి సంతలో స్టెయిన్‌లెస్ స్టీలు గీత కత్తి కనబడింది. "ఒరేయ్ అల్లుడూ, ఇంక నా చేతులకి సెలవురా!" అని ఎంత నవ్వాడో. నిజంగానే అది తుప్పు పట్టలేదు. కానీ మొదటి పదును పోయాక మా చెక్కా మా పొడీ దాని మీద పనిచేయలేదు. ఎంత నూరినా మెరిసింది గానీ తెగలేదు. పైన పటారం, లోన లొటారం. అంత ఆశపడి కొన్నదాన్ని చెడ్డదనడానికి మనసొప్పక, రేపటికి దారిలో పడుతుందిలే అంటూ మామయ్య దాంతోనే చెక్కాడు. గెలలు ఒక్కొక్కటీ ఎండుతూ వచ్చాయి. పాత కత్తి మళ్లీ చేతబట్టడం, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయింది.

ఆసామి వచ్చి ఖాళీ కుండలు చూశాడు. "ఏంటయ్యా, పారని చెట్లని మేపుతా కూర్చోమంటావా?" అన్నాడు. వచ్చే ఏడు దాకా ఆగమని మామయ్య కాళ్లావేళ్లా పడ్డాడు. ఆగలేదు. ఆ వేసవిలోనే చెట్లు కొట్టించి, మొద్దులు వాసాలకు అమ్మేశాడు.

మరుసటి ఏడు మామయ్య ఆ మణికట్లతోనే ఆ చేలోకి మిరపకాయల కోతకు కూలికి వెళ్లాడు. కత్తిని ఏనాడూ తిట్టలేదు. కాస్త నొప్పికి ఓర్చుకోలేకపోయానని తననే తిట్టుకుంటూ పోయాడు. నొప్పి తగ్గాలనుకోవడం కూడా తప్పేనా అని నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

గట్టు అలాగే ఉంది. ఇప్పుడు అక్కడ నిలబడితే పక్క ఊరి ఇళ్లన్నీ కనిపిస్తాయి. మా కాలంలో తాటిచెట్లు అడ్డుండి, అవి చూడాలంటే చెట్టెక్కాల్సి వచ్చేది.