పాప మణికట్టు, నా ఇంగ్లీషు

ఫర్వానియాలో మా గదికి ఆరు మంచాలు. అందులో నాది మాత్రం విశ్వవిద్యాలయం. శుక్రవారం మధ్యాహ్నమైతే కువైట్‌లోని తెలుగువాళ్ళందరూ ఇంగ్లీషు అర్జీల కోసం దాని ముందు బారులు తీరేవాళ్ళు. సరే, ముగ్గురు.

ఆ శుక్రవారం ఒకామె వచ్చింది. రాయచోటి వైపు మనిషి. అబూ హలీఫాలో ఒక ఇంట్లో నాలుగేళ్ళ పాపను చూసుకునేది. పాప కారుకు అడ్డంగా పరిగెత్తబోతే చెయ్యి పట్టి వెనక్కి లాగింది. పాప మణికట్టు కమిలింది. యజమానురాలు, అంటే ఆమె మాటల్లో మామా, అది చూసింది. పనిలో పెట్టిన ఆఫీసువాళ్ళు జరిగింది ఇంగ్లీషులో రాసిమ్మన్నారు. ఆ కాగితం చదివాకే ఈమెను ఉంచుకునేదీ ఊరికి పంపేదీ మామా తేలుస్తుందట.

"చెయ్యి పట్టుకుంటినన్నా, అంతే. అట్లనే రాయి."

అంతేనా! నా పెన్నుకి ఎంత అవమానం! గదిలోవాళ్ళని పిలిచి మరీ పాఠం మొదలుపెట్టాను.

"మనకి పట్టుకోవడం ఒకటే. ఇంగ్లీషువాడికి బుట్టెడు. మామూలుగా పట్టుకుంటే హోల్డ్. బిగిస్తే గ్రిప్. గభాల్న అందుకుంటే గ్రాబ్. భయపడి గుండెకి అదుముకుంటే క్లచ్. పోలీసోడు వచ్చి పట్టుకుంటే సీజ్!"

"మొదుట చెప్తివే, అది చాల్లేన్నా," అంది ఆమె.

"అది టీ కప్పుకి రాసేది మ్మా! నువ్వు ప్రాణం కాపాడినావు!"

సీజ్ అనే రాశాను. ఊరికే రాస్తే చప్పగా ఉంటుందని ముందు 'భయంకరంగా' చేర్చాను. పైకి చదివితే గదంతా ఈలలు. ఆమె కూడా నవ్వింది, సంతకం పెట్టింది.

ఆఫీసులో ఎవరో దాన్ని మామాకి అరబ్బీలో వినిపించారు. పిల్లను భయంకరంగా ఒడిసిపట్టానని పనిమనిషే ఒప్పుకున్నాక ఇంక అడిగేదేముంది? మామా ఒకటే మాట అంది: ఖలాస్.

వారం తిరక్కుండా ఆమె ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేసింది.

"నువ్వు బాగనే రాస్తివన్నా. వాళ్ళకే ఇంగ్లీషు రాదు."

"అంతే మ్మా," అన్నాను. పాపిష్టి నోరు, ఒక్క క్షణం కూడా తడబడలేదు.

"వచ్చేటప్పుడు పాప నా చున్నీ పట్టుకోని వదల్లేదన్నా. మామా ఒక్కొక్క వేలే ఇడిపిచ్చె. ఆ పట్టుకునేదాన్ని ఏమంటారు, ఇంగ్లీషులో?"

క్లింగ్. వదిలితే దిక్కులేనివాళ్ళు పట్టుకునే పట్టు. నాకు చక్కగా తెలుసు.

"సిగ్నల్ సరిగా లేదు మ్మా," అని ఫోన్ పెట్టేశాను.