జహ్రాన్ కారులో ధూపం

మస్కట్ నుంచి నిజ్వా వచ్చే రోడ్డు పక్కన షెడ్ల వరసలో, కారు కరెంటు పనికి జహ్రాన్‌ని మించినవాడు లేడు. ఆ మాట ఊరు అనేది, ఊరికంటే ఎక్కువగా జహ్రానే అనేవాడు. ఫ్యూజుల పెట్టె మూత తీసి చూస్తే ఒక గడి ఖాళీగా కనబడిందా, ఇక చేతులు దురద. కాఫీ వెచ్చబెట్టే యంత్రమో, కాళ్ళకు గాలి కొట్టే ఫ్యానో, ఏదో ఒకటి దానికి తగిలించేదాకా తిన్నది అరగదు. ఇంట్లోనూ అదే జబ్బు. వంటింట్లో మనిషి కదిలితే కుయ్యిమనే పెట్టె బిగించాడు. భార్య రయ్యా ఉప్పు తీస్తే కుయ్యి, నీళ్ళు ముంచుకుంటే కుయ్యి. "నా ఇంట్లో నేను దొంగనా?" అని ఆవిడ పుట్టింటికి వెళ్ళిపోయింది.

నలభై రోజులైంది. పెట్టె ఎప్పుడో పీకేశాడు పాపం, చూడటానికి ఆవిడ ఉంటేగా! ఇల్లు బావురుమంటోంది. ఒక్కడూ కూర్చుని తింటుంటే ఖర్జూరం కూడా చప్పగా ఉంటోంది.

చివరికి మామ షామిస్ కబురు పెట్టాడు. శుక్రవారం నమాజు అయ్యాక కారు తీసుకురా, తోటకి వెళ్దాం, దారిలో నీ మాట వింటాను, నచ్చితే పిల్లని పంపుతాను అని. షామిస్ మహా మర్యాదల మనిషి. ఎడంచేత్తో కాఫీ గిన్నె అందుకున్నవాణ్ణి మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వలేదు.

అంతటివాడు ఎక్కే కారు కదా అని, జహ్రాన్ రెండు రోజులు తంటాలుపడి కరెంటు ధూపదాని బిగించాడు. ఫ్యూజుల పెట్టెలోంచి తీగ లాగి, తాళం తిప్పగానే పొగ లేచేలా కలిపాడు. మా దగ్గర చుట్టానికి ధూపం ఎప్పుడు పడతారో చంటిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. కాఫీ అయ్యాక, ఇక వెళ్ళిరండి అనడానికి. ఈ మహానుభావుడికి మాత్రం ఆ రెండు రోజులూ అది తట్టనే లేదు.

శుక్రవారం కారు మామ ఇంటి గేటు ముందు ఆపాడు. షామిస్ ఎక్కి కూర్చున్నాడు. జహ్రాన్ తాళం తిప్పాడు. గుప్పున పొగ. పెద్దాయన రెండు చేతులతో పొగను గడ్డానికి పట్టించుకుని, "అల్లా నీ ఇల్లు చల్లగా చూడాలి" అని తలుపు తీసి దిగిపోయాడు.

"మావయ్యా, ఎక్కడికి? బండి ఇంకా కదలందే!"

"ధూపం పట్టావు కదరా. పట్టాక కూడా కూర్చునే సిగ్గులేనివాణ్ణా?"

"ఇది సాగనంపే ధూపం కాదు మావయ్యా, ఊరికే వాసనకి!"

"ఓహో, ధూపంలో రకాలు కూడా పెట్టావా?"

బతిమాలి మళ్ళీ ఎక్కించాడు. ఫ్యూజు పీకేస్తే పీడ పోతుందని వంగి, కంగారులో ఒకటి పీకాడు. అది కిటికీ అద్దాలది. మళ్ళీ తాళం తిప్పితే ఈసారీ పొగ లేచింది, అద్దాలు మాత్రం దిగలేదు. షామిస్ దగ్గుతూనే గడ్డానికి పట్టించుకున్నాడు, దగ్గుతూనే దీవించాడు, దిగాక మాత్రం చేతికర్ర ఎత్తాడు.

"ఒకసారి పొమ్మంటే మర్యాద అనుకున్నాను. రెండోసారి కూడా పొమ్మంటావట్రా? పిల్లని పంపను. ఫో!"

గేటు ధడాలున పడింది. జహ్రాన్ స్టీరింగు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. తాళం తిప్పి ఆపాలన్న తెలివి కూడా లేదు, పొగ వస్తూనే ఉంది.

అవతలి తలుపు తెరుచుకుంది. బట్టల మూటతో రయ్యా ఎక్కి కూర్చుంది. గేటు వెనకనుంచి అంతా వింటూ నవ్వీ నవ్వీ ఆవిడ ముఖం కందిపోయింది. పొగ ఆవిడ మీదికి మళ్ళింది. ఆవిడ ముసుగు చెంగు పట్టుకుని నింపాదిగా దానికి వాసన పట్టించుకుంది. జహ్రాన్ గబుక్కున ఫ్యూజుల పెట్టె మీదికి వంగాడు. ఆ తండ్రి కూతురేగా!

"రయ్యా, దిగకు! నీకు దణ్ణం పెడతాను, ఇప్పుడే పీకేస్తా..."

"ఏడిశావులే. ధూపం పడితే లేచిపోయేది చుట్టాలు. నేను నీ ఇంటిదాన్ని. నాన్నకి నేను చెప్పుకుంటాగానీ, పోనీ బండి."