రంగు వేసిన గోడ

తొంభైల చివర్లో మేం కూర్మన్నపాలెంలో ఒక ఇంటి కింది వాటాలో అద్దెకుండేవాళ్లం. వానాకాలం వచ్చిందంటే పడకగది గోడ చెమ్మెక్కి నల్లటి బూజు పట్టేది. ఎంత తుడిచినా మళ్లీ వచ్చేది. మా మూడేళ్ల పాపకు ఎప్పుడూ దగ్గు, ఆయాసం. డాక్టరుగారు ఇల్లు మారమంటే దువ్వాడ వెళ్లిపోయాం. పాప నెమ్మదిగా తేరుకుంది.

కొన్నాళ్లకు ఆ వాటాలో చంటిబిడ్డతో ఒక జంట దిగారని తెలిసి, మనసాగక వెళ్లాను. గోడకు కొత్త రంగు వేశారు. దాన్ని ఆనుకునే బాబు ఉయ్యాల ఉంది. ఆ అమ్మాయికి సంగతి చెబుతుండగానే పైనుంచి ఇంటావిడ దిగివచ్చింది.

"నీ పిల్లకి పుట్టుకతోనే ఆయాసం. నా గోడ మీదకి తోసేత్తన్నావేటి? నా ఇంట్లోకి ఎవులూ రాకూడదనా?" అని వీధంతా వినేలా అరిచింది.

ఆ అమ్మాయి తల దించుకుని, "మీరెల్లిపోండక్కా" అంది. సిగ్గుతో చచ్చిపోయి వచ్చేశాను.

మరుసటి వానాకాలం పాపకు జ్వరమొస్తే పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ బెంచీ మీద ఆ అమ్మాయి కనిపించింది. ఒళ్లో బాబు డొక్కలెగరేస్తూ ఊపిరి తీసుకుంటున్నాడు. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని బావురుమంది.

"రంగు ఊడిపోనాదక్కా. నువ్వు సెప్పినట్టే లోపలంతా నలుపే."

తర్వాత వాళ్లు ఇల్లు ఖాళీ చేశారని విన్నాను. బాబు ఎలా ఉన్నాడో మాత్రం తెలియలేదు. నా మాట నిజమైనందుకు ఆ రోజు ఆసుపత్రిలో ఏడ్చినంతగా నేను మరెప్పుడూ ఏడవలేదు.